ఫార్మాట్ కొట్టే ముందు ఆ అంకెలు చదవండి

రాత్రి పడుకోబోయే ముందు విండోస్ 11 అప్‌గ్రేడ్ మొదలుపెడితే తెల్లారేసరికి అయిపోతుందనుకుంటాం. పొద్దున చూస్తే తెర మీద పాత విండోస్ 10 ఎప్పటిలాగే ఉంటుంది. మధ్యలో ఒక చిన్న పెట్టె: ఇన్‌స్టాల్ చేయలేకపోయాం, మీ కంప్యూటర్‌ను మునుపటి స్థితికి తెచ్చాం అని. దాని కింద రెండు అంకెల గుంపులు, ఏదో దశలో ఏదో పని చేస్తుండగా విఫలమైందని ఒక ఇంగ్లిష్ వాక్యం. చాలామంది ఆ పెట్టెను మూసేసి మళ్లీ ప్రయత్నిస్తారు. రెండోసారీ అంతే అయితే మూడోసారి. చివరికి సిస్టమ్‌ను పట్టుకుని షాపుకు వెళ్తే, మన ఊళ్లలో ఏ షాపులోనైనా దాదాపు ఒకటే మాట వినిపిస్తుంది: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్.’ ఆ మాటతోనే నా పేచీ. ఆగిపోయిన అప్‌గ్రేడ్ కంప్యూటర్ పాడైందనడానికి గుర్తు కాదు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చాలావరకు అది చెప్పే వెనక్కి వచ్చింది. ఆ చెప్పింది వినకుండా ఫార్మాట్ చేస్తే మన ఫైళ్లతోపాటు ఆ కారణమూ చెరిగిపోతుంది. కారణం డిస్క్ మీద లేనప్పుడైతే, ఫార్మాట్ తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది.

అసలు అప్‌గ్రేడ్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. అది నాలుగు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో పాత విండోస్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. కొత్త ఫైళ్లను దించుకోవడం, డిస్క్‌లో చోటు చూడడం, పనికిరాని ప్రోగ్రాములేమైనా ఉన్నాయా అని వెతకడం అప్పుడే జరుగుతాయి. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ అయి సేఫ్ ఓఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థలోకి వెళ్తుంది. పాత విండోస్‌ను ఒక ఫోల్డర్‌లోకి జరిపి, దాని చోట కొత్తదాన్ని నిలబెట్టేది అక్కడ. మూడో దశలో కొత్త విండోస్ మొదటిసారి లేచి, మన యంత్రంలోని భాగాలకు డ్రైవర్లను ఒక్కొక్కటిగా అమరుస్తుంది. నాలుగో దశలో మన ఫైళ్లు, సెట్టింగులు, ప్రోగ్రాములు కొత్త ఇంట్లోకి చేరతాయి. ఈ నాలుగింటిలో ఎక్కడ కాలు జారినా పాత విండోస్‌ను తిరిగి యథాస్థానానికి తేవడం దాని విధి. పొద్దున్నే పాత తెర కనిపించిందంటే ఆ విధి సవ్యంగా జరిగిందన్నమాట. మనం దాన్ని ఓటమిగా చూస్తున్నాం. నిజానికి మన ఫైళ్లు భద్రంగా ఉన్నాయనడానికి అదే మొదటి రుజువు.

ఇక ఆ అంకెలు. వాటిని చూడగానే భయపడతాం గానీ, వాటికి ఒక వ్యాకరణం ఉంది. అప్‌గ్రేడ్ మొదటి దశలోనే ఆగి 0ఎక్స్80070070 అని కనిపించిందనుకుందాం. ముందున్న ‘0ఎక్స్’కు అర్థం, ఇది పదహారు ప్రాతిపదికన రాసిన సంఖ్య అని మాత్రమే. 8007 అంటే ఇది విండోస్ సాధారణ లోపాల పట్టికలోనిది అని. అసలు సంగతి చివరి 70లో ఉంది. ఏడు పదహార్లు 112. విండోస్ పట్టికలో 112వ లోపం ‘డిస్క్‌లో చోటు లేదు’. అంతే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకుపోయిన సినిమాలు పక్కకు తీసి, డిస్క్ క్లీనప్ నడిపి, ఓ ముప్ఫై జీబీ ఖాళీ చేస్తే పోయే ఇబ్బంది. అలాగే 80070005 అని వస్తే పట్టికలో ఐదోది, ‘అనుమతి లేదు’ అని. ఏదో ఒక భద్రతా ప్రోగ్రామ్ ఫైళ్లను తాకనివ్వడం లేదన్న అనుమానం అక్కడ మొదలవ్వాలి. ఒక చిన్న లెక్కతో తేలే ఇలాంటి విషయాలకు ఇంట్లో వాళ్ల పదేళ్ల ఫొటోలను పణంగా పెట్టడం న్యాయమా?

అప్‌గ్రేడ్ సగం దారిలో వెనక్కి వచ్చినప్పుడు రెండు సంకేతాలు కలిసి వస్తాయి. తరచుగా కనిపించేది 0ఎక్స్‌సీ1900101. దాని పక్కన 0ఎక్స్20017 అనో 0ఎక్స్30018 అనో ఉంటుంది. మొదటిది ‘వెనక్కి రావలసి వచ్చింది, ఎక్కువగా డ్రైవర్ వల్ల’ అని చెబుతుంది. రెండోదానిలో ‘0ఎక్స్’ తర్వాతి తొలి అంకె దశను చెబుతుంది. 2 ఉంటే సేఫ్ ఓఎస్‌లో ఆగింది, 3 ఉంటే కొత్త విండోస్ మొదటిసారి లేస్తుండగా ఆగింది. చివరి రెండు అంకెలు ఆ సమయంలో నడుస్తున్న పనిని చెబుతాయి. 20017 కనిపిస్తే చిన్న వ్యవస్థలోకి వెళ్లడమే కుదరలేదన్నమాట. అప్పుడు చూడాల్సింది డిస్క్‌ను లాక్ చేసే బయటి ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాములు, పాత స్టోరేజ్ డ్రైవర్లు, ఏళ్లుగా అప్‌డేట్ చేయని బయోస్. 30018 అయితే ఏదో ఒక పరికరం తాలూకు డ్రైవర్ పలకకుండా కూర్చుందని అర్థం. ప్రింటర్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, డాంగిల్ లాంటివన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచి, బయటి యాంటీవైరస్‌ను పూర్తిగా తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్లు వేసి మళ్లీ చూడాలి. ఇంకా లోతుకు పోవాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెటప్‌డయాగ్ అనే చిన్న సాధనం ఉంది. అప్‌గ్రేడ్ రాసుకున్న చిట్టాలను అది చదివి, చాలాసార్లు తప్పు చేసిన డ్రైవర్ ఫైలు పేరుతో సహా చెబుతుంది. సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే మొదట పోయేది ఆ చిట్టాలే.

దీనికి గట్టి ఎదురువాదన ఒకటుంది. అంకెలు ఎప్పుడూ నిజమే చెబుతాయా? చెప్పవు. 2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు కేబీ5034441 అనే భద్రతా అప్‌డేట్ విడుదల చేసింది. విండోస్ డిస్క్‌కు వేసే బిట్‌లాకర్ తాళాన్ని దాటుకుని పోయే ఒక లోపాన్ని మూసేందుకు, రికవరీ పార్టిషన్‌లో ఉండే చిన్న వ్యవస్థను అది మార్చాలి. అందుకు ఆ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. లెక్కలేనన్ని కంప్యూటర్లలో ఆ చోటు లేదు. సీ డ్రైవ్‌లో వందల జీబీ ఖాళీగా ఉన్నా, కంటికి కనపడని ఆ చిన్న గదిలో చోటు లేక అప్‌డేట్ ఆగిపోయింది. అయినా తెర మీద వచ్చింది ‘చోటు లేదు’ అనే మాట కాదు, 0ఎక్స్80070643. లెక్కేస్తే 1603, అంటే ‘ఇన్‌స్టలేషన్ విఫలమైంది’ అని మాత్రమే. తమ ప్రోగ్రామ్‌లోని పొరపాటు వల్ల సరైన సంకేతం బదులు ఇది కనిపిస్తోందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. తమంతట తాము దీన్ని సరిచేయలేమనీ, పార్టిషన్ సైజును వాడుకరులే పెంచుకోవాలనీ తర్వాత తేల్చింది. మామూలు మనిషి మీద ఇంత భారం వేయడం అన్యాయమే. కానీ ఇదే ఉదంతాన్ని ఫార్మాట్ వైపు నుంచి చూడండి. షాపులో సాధారణంగా చేసేది సీ డ్రైవ్‌ను తుడిచి కొత్తగా వేయడం. దానివల్ల పక్కనున్న రికవరీ పార్టిషన్ అంగుళం కూడా పెరగదు. ఫైళ్లు పోయేవి, లోపం మిగిలేది. సంకేతం తప్పుదారి పట్టించిన చోట కూడా కారణం వెతికినవాళ్లకే దారి దొరికింది.

ఇలాంటి దాగిన గదుల ఇబ్బంది విండోస్ 11 అప్‌గ్రేడ్‌లోనూ ఉంది. ‘సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయాం’ అని వస్తే కంప్యూటర్ లేవడానికి వాడే ఆ చిన్న భాగం నిండిపోయిందని. చాలా యంత్రాల్లో అది 100 ఎంబీ మాత్రమే. అందులోని కొన్ని ఫాంట్ ఫైళ్లను తీసేసి చోటు చేయమని మైక్రోసాఫ్ట్ తన సహాయ పత్రాల్లోనే చెప్పింది. తెలిసినవాళ్ల చేత చేయించుకోవాల్సిన పనే గానీ, అరగంట పని.

మొదలుపెట్టక ముందే ‘ఈ కంప్యూటర్‌కు విండోస్ 11 కుదరదు’ అని వచ్చే సందర్భం వేరు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మంచి యంత్రాలను వదిలించుకునేది ఇక్కడే. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్ చేయగల యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 అనే భద్రతా అమరిక, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. 2021 జూన్‌లో ఈ షరతులు ప్రకటించినప్పుడు మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ అనే సాధనం ఇచ్చింది. అది కుదరదని చెప్పేది గానీ ఎందుకో చెప్పేది కాదు. విమర్శలు వెల్లువెత్తడంతో కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుని, కారణాలు చెప్పేలా మార్చి, సెప్టెంబర్‌లో మళ్లీ అందరికీ ఇచ్చింది. కారణం చెప్పని ‘కాదు’ ఎంత నిరుపయోగమో ఆ కంపెనీకే తెలిసొచ్చిన సందర్భం అది. ఇప్పుడు ఆ సాధనం టీపీఎం లేదని చెబితే వెంటనే నమ్మేయకూడదు. కొత్త విండోస్ 10 యంత్రాల్లో టీపీఎం 2.0 ఉండాలన్న నియమం 2016 జూలై నుంచే ఉంది. చాలాసార్లు అది ఉండి కూడా బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది, ముఖ్యంగా విడి భాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న సిస్టముల్లో. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ ఉండే ఒక్క ఆప్షన్‌ను ఆన్ చేస్తే చాలు. సెక్యూర్ బూట్ కుదరడం లేదంటే డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండి ఉండవచ్చు. దాన్ని ఫైళ్లు పోకుండా కొత్త పద్ధతికి మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ అనే సాధనం విండోస్‌లోనే ఉంది. అయితే ఒక హెచ్చరిక. బిట్‌లాకర్ ఆన్‌లో ఉండగా బయోస్‌లో ఇవి మారిస్తే, మళ్లీ ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ మొత్తం మూసుకుపోయినట్టే. ముందుగా ఆ కీని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి, అప్పుడే బయోస్‌లోకి వెళ్లాలి.

కొన్నిసార్లు యంత్రంలో ఏ లోపమూ ఉండదు, అయినా అప్‌గ్రేడ్ మనకు ఇవ్వరు. మైక్రోసాఫ్ట్ దీన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటుంది. ఫలానా డ్రైవరో ప్రోగ్రామో ఉన్న యంత్రాల్లో కొత్త వెర్షన్ ఇబ్బంది పెడుతోందని తెలిస్తే, అది సరయ్యేదాకా ఆ యంత్రాలకు అప్‌డేట్ ఆపుతుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో కొన్ని వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎస్‌డీలున్న కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ మార్చాక అవి కుదుటపడ్డాయి. ఇలాంటి ఆపుదల చూసి విసిగిపోయి, ఇన్‌స్టలేషన్ ఫైలు దించుకుని బలవంతంగా వేయాలని చూసేవాళ్లు 2018ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 1809 వెర్షన్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్న కొందరి ఫైళ్లను అప్‌గ్రేడ్ సమయంలో తుడిచేసింది. కొద్ది రోజుల్లోనే విడుదలను ఆపేసి, నవంబర్ 13న గానీ మళ్లీ ఇవ్వలేదు. అలా పోగొట్టుకున్నట్టు ఫిర్యాదు చేసినవాళ్లు పది వేలల్లో ఒకరేనని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ ఒకరి ఇంట్లో అది నూటికి నూరు పాళ్ల నష్టం. అప్పుడు అలాంటి హోల్డ్ ఉండి ఉంటే ఆ ఫైళ్లు దక్కేవి.

ఇప్పుడు షాపు వైపు నుంచి వచ్చే వాదన. ఫార్మాట్ అయితే రెండు గంటల్లో పని తేలిపోతుంది, కారణాలు వెతుకుతూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది, ఆ కూలి ఎవరిస్తారు? ఇది నిజాయితీ గల ప్రశ్న. టెక్నీషియన్ శ్రమను మనం తక్కువ అంచనా వేస్తున్నాం, అందుకే ఆయన దగ్గరి దారి వెతుక్కుంటున్నాడు. కానీ ఆ రెండు గంటల లెక్కలో యజమాని నష్టం లేదు. మన దగ్గర డీటీపీ చేసే షాపునే తీసుకోండి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసినవి ఉంటాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఫైలు భద్రంగా ఉన్నా ఆ ఫాంట్లు, ఆ కీబోర్డు ప్రోగ్రామ్ లేకపోతే తెరిచినప్పుడు కనిపించేది తెలుగు కాదు, పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. వాటి సీడీ ఎప్పుడో పోయి ఉంటుంది, వేసిపెట్టిన కుర్రాడు ఊళ్లో ఉండడు. ‘డేటా బ్యాకప్ తీశాం కదా’ అని షాపువాళ్లు చెప్పేది డాక్యుమెంట్స్ ఫోల్డర్ గురించి. ఇక్కడ పోయేది ఆ డాక్యుమెంట్లను చదివించే ఏర్పాటు. ఫైళ్లనూ ప్రోగ్రాములనూ ఉంచుతూ జరిగే అప్‌గ్రేడ్ విలువ ఇలాంటి చోట తెలుస్తుంది. దాన్ని పనిచేయించడానికి ఒక పూట ఖర్చుపెట్టి, ఆ పూటకు టెక్నీషియన్‌కు మర్యాదగా డబ్బివ్వడమే లాభసాటి.

ఫార్మాట్ ఎప్పుడూ తప్పని నేననడం లేదు. విండోస్ 11 64-బిట్‌లోనే వస్తుంది కాబట్టి 32-బిట్ విండోస్ 10 ఉన్న యంత్రాన్ని ఉన్న ప్రోగ్రాములతో అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, కొత్తగా వేయాల్సిందే. వైరస్‌తో లోపలి దాకా చెడిన సిస్టమ్‌కూ అదే మందు. పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ ఆదేశాలు నడిపినా లోపం పోకపోతే, చిట్టాలు చూసినా అంతు చిక్కకపోతే, అప్పుడు ఫార్మాట్ సరైన నిర్ణయం. కానీ అది కారణం వెతికాక తీసుకునే నిర్ణయం. డిస్కే చావుబతుకుల్లో ఉంటే, ర్యామ్ చిప్ తప్పులు చేస్తుంటే ఫార్మాట్ తర్వాత నాలుగు రోజులు బాగానే నడిచినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే నష్టానికి బ్యాకప్ కూడా ఉండదు.

షరతులను దాటవేసే చిట్కాల సంగతి కూడా చెప్పుకోవాలి. 2021లో మైక్రోసాఫ్టే ఒక రిజిస్ట్రీ మార్పును తన సహాయ పేజీలో పెట్టింది. ఆమోదం లేని ప్రాసెసర్ మీద కూడా దానితో అప్‌గ్రేడ్ చేసుకోవచ్చని అప్పట్లో చెప్పింది. అలా చేసుకున్న యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కూడా చెప్పింది. 24హెచ్2 వచ్చేసరికి ప్రాసెసర్‌లో కొన్ని ఆదేశాలు లేని మరీ పాత యంత్రాలు కొత్త వెర్షన్‌తో అసలు లేవనే లేవవు. చిట్కాతో ఒక మెట్టు ఎక్కవచ్చు, తర్వాతి మెట్టుకు ఎవరూ పూచీ పడరు. వాడుకోదగ్గ ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ యంత్రాలను దాదాపు పూర్తిగా జాబితా బయటే ఉంచడం నా దృష్టిలో తప్పు నిర్ణయమే. వాటిలో చాలావాటికి టీపీఎం 2.0 కూడా ఉంది. విద్యార్థుల చేతుల్లో, చిన్న ఆఫీసుల్లో ఇంకా నమ్మకంగా పనిచేస్తున్న యంత్రాలవి. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా అవి అందేలా పొడిగింపు పథకం ప్రకటించారు. 30 డాలర్లు కట్టకుండా సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలో బ్యాకప్ చేసుకుని కూడా అందులో చేరవచ్చన్నారు. కుదరని యంత్రం మీద చిట్కాలు ప్రయోగించే బదులు ఆ గడువును వాడుకుని, అదే యంత్రం మీద లినక్స్ నేర్చుకోవడం మేలైన దారి.

అంకెలు, చిట్టాలు మామూలు మనిషికి ఎలా అర్థమవుతాయన్న ప్రశ్నకు నా జవాబు ఒకటే. అర్థం కానక్కర్లేదు, దాచిపెడితే చాలు. పెట్టె కనిపించగానే ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, అంకెలూ కింది వాక్యమూ రెండూ పడేలా. అప్‌గ్రేడ్ ఎంత శాతం దగ్గర ఆగిందో గుర్తుంటే రాసుకోండి. షాపుకు వెళ్లినప్పుడు ఆ ఫొటో ముందు పెట్టి, ఈ సంకేతానికి అర్థం ఏమిటో చూసి చెప్పమని అడగండి. డ్రైవర్ పేరో, పార్టిషన్ పేరో, బయోస్ సెట్టింగో జవాబుగా వస్తే సరైన చోటికే వెళ్లారు. అప్‌గ్రేడ్ అయ్యాక కూడా పని పూర్తి కాదు. పాత విండోస్ పది రోజుల పాటు విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, సెట్టింగుల్లోంచి ఆలోపే దానికి తిరిగి వెళ్లవచ్చు. ఆ పది రోజుల్లో స్కానర్‌తో ఒక కాగితం స్కాన్ చేయండి, డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టి చూడండి, ఐదేళ్ల కిందటి శుభలేఖ ఫైలు ఒకటి తెరిచి ప్రింట్ తీయండి. వత్తులూ గుణింతాలూ సరిగ్గా పడ్డాయో లేదో కాగితం మీదే చూడండి.